లేచి కూర్చునే లెక్క: మోకాళ్ళ నొప్పి ఉన్న ఇంట్లో పది వారాల పని డైరీ

ఇల్లు తెనాలి పక్క పల్లెలో. రెండు గదుల డాబా, వెనక వసారాలో వంట, పెరట్లో మరుగుదొడ్డి. ఈ ఇంటి పెద్దావిడకి 61 ఏళ్ళు, ఎత్తు 152 సెం.మీ. రెండు మోకాళ్ళలోనూ అరుగుదల, కుడివైపు ఎక్కువ. నొప్పి మొదలై నాలుగేళ్ళు. ఎముకల డాక్టరు చూసి ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదని, కాళ్ళకి కసరత్తు చెయ్యాలని, కింద కూర్చోవడం మానాలని చెప్పారు. ఆ ఆఖరి ముక్క చెప్పినంత తేలిక కాదు. మన ఇళ్ళలో తరగడం, తోమడం, ఉతకడం, ముగ్గు, పూజ, భోజనం, చివరికి దొడ్డి కూడా నేల మట్టంలోనే ఉంటాయి. ఆవిడని మానమనే ముందు ఆ పనులు నేల మీంచి పైకి రావాలి. ఈ పది వారాల పని అదే.

నొప్పిని సున్నాకి తేవడం లక్ష్యం కాదు. మూడు నెలలు దాటిన నొప్పి విషయంలో అలాంటి మాట ఇచ్చేవాళ్ళని నమ్మకూడదు. మోకాలు పూర్తిగా మడత పడే సార్లు తగ్గాలి, తొడ కండ బలపడాలి, ఆవిడ చెయ్యాలనుకున్న పని ఆవిడే చేసుకోగలగాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం తోడైనా, పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, కీలు ఇరుక్కుపోయి చాపలేకపోయినా, నడుము నొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఈ డైరీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొద్దున పట్టేసినట్టుండటం అరుగుదలలో సాధారణంగా అరగంట లోపు సడలుతుంది. గంట దాటి ఉంటే, వేళ్ళ కీళ్ళు కూడా వాస్తుంటే అది వేరే రకం వాతం కావచ్చు. దానికి వైద్యం కూడా వేరు.

రోజు 1

ఇవాళ చేతిపని లేదు, లెక్కే. వంటింటి తలుపుకి దారంతో ఒక పెన్సిలు, దాని పక్కన పాత కాలెండరు వెనక పేజీ. నేల మీంచో, అడుగు ఎత్తు లోపు పీట మీంచో లేచిన ప్రతిసారీ ఒక గీత.

రాత్రికి 38 గీతలు. తరగడం, బియ్యం ఏరడం, పిండి కలపడం కలిపి 9. అంట్లు 6, దొడ్డి 5, వాకిలి ఊడ్చి ముగ్గు 4, బట్టలు 4, తిండి దగ్గర 3, స్నానం 2, పూజ 2, ఇతరత్రా 3. పదికి నొప్పి ఎంతో అడిగితే పొద్దున 5, మధ్యాహ్నం 6, సాయంత్రం 7.

ఈ రెండు అంకెల్లో మాకు పనికొచ్చేది గీతల సంఖ్యే. నొప్పి అంకె నిద్రని బట్టి, మనసుని బట్టి, పక్కింట్లో జరిగిన గొడవని బట్టి కూడా మారుతుంది. గీతలు అలా మారవు. ఏ పని దగ్గర ఎన్ని పోగుపడ్డాయో చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

కొలతలు కూడా ఇవాళే తీశాం. చెప్పుల్లేకుండా నిలబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత వరకు 39 సెం.మీ., మోచేతి వరకు 95 సెం.మీ., చెయ్యి వేలాడేసినప్పుడు మణికట్టు గీత వరకు 73 సెం.మీ. ఇక ప్రతి ఎత్తూ ఈ మూడు అంకెల నుంచే వస్తుంది.

రోజు 2 నుంచి 4: మంచం

మంచం మీద పరుపు మనిషి బరువుకి నొక్కుకున్నాక ఎత్తు 36 సెం.మీ. అంటే మోకాలి మడత కంటే కిందికి కూర్చుని లేవాల్సి వస్తోంది. కూర్చునే ఎత్తు తగ్గే కొద్దీ లేచేటప్పుడు మోకాలి మీద భారం పెరుగుతుంది. మడత ఎత్తుకి ఒక 7 సెం.మీ. కలిపితే సుఖంగా లేవొచ్చు, పాదాలూ నేలకి పూర్తిగా ఆనతాయి. అంటే 46 సెం.మీ. మంచం 10 సెం.మీ. లేవాలి.

మొదట నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టి చూశాం. ఆవిడ అంచు మీద కూర్చోగానే తలవైపు ఇటుక ఒకటి పక్కకి జరిగింది. ఇటుక మీద కోడుకి పట్టు ఉండదు కాబట్టి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. వడ్రంగి చేత తుమ్మకర్ర దిమ్మలు నాలుగు చేయించాం. అడుగు 15 సెం.మీ. చదరం, ఎత్తు 12, నడిమధ్య 2 సెం.మీ. లోతు గుంట. కోడు మందం 5 సెం.మీ. కాబట్టి గుంట ఐదున్నర. కోడు గుంటలో దిగిపోతుంది కాబట్టి పైకి లేచేది సరిగ్గా 10. దిమ్మ అడుగున పాత సైకిలు ట్యూబు ముక్క అంటించాం, గచ్చు మీద జారకుండా.

బిగించాక కూడా మంచం ఊగింది. గది నేల తూముకేసి వాలుగా ఉండటమే కారణం. ఒక దిమ్మ కింద 4 మి.మీ. ప్లైవుడ్ పలక వేస్తే కుదురుకుంది. అందరం కూర్చుని, దొర్లి, అంచు మీద బరువంతా వేసి చూశాకే ఆవిడని పడుకోబెట్టాం.

పడుకోవడంలో ఒక దిద్దుబాటు. హాయిగా ఉంటుందని రాత్రంతా మోకాళ్ళ కింద దిండు పెట్టుకునే అలవాటు ఉంది. అలా నెలల తరబడి ఉంటే మోకాలు వంగినట్టే బిగుసుకుని పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది. పక్కకి తిరిగి పడుకుని రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకోమన్నాం.

రోజు 5 నుంచి 9: దొడ్డి

గీతల్లో ఇవి అయిదే అయినా అన్నిటికంటే బాధపెట్టేవి ఇవే. గొంతుక్కూర్చోవడంలో మోకాలు చివరి దాకా మడత పడుతుంది, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా నేల తడి. దొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని ఆవిడ సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు తాగడం మానేశారు. మోకాళ్ళ నొప్పి ఉన్న ఆడవాళ్ళలో ఇది మేం మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. ఎవరూ పైకి చెప్పరు, అడగాలి.

ఇంగ్లీషు దొడ్డి కట్టించే వీలు ఇప్పుడు లేదు. నేల దొడ్డి మీదే పెట్టే ఇనప కమోడ్ స్టూలు తెచ్చాం. కాళ్ళ ఎత్తు మార్చుకునేది, సీటు 45 సెం.మీ. దగ్గర బిగించాం. మూడు తప్పులు వరసగా బయటపడ్డాయి.

స్టూలు కాళ్ళకున్న గట్టి ప్లాస్టిక్ టోపీలు తడి టైలు మీద జారాయి. అవి పీకేసి చేతికర్రల అడుగున వేసే రబ్బరు బుష్షులు వేశాం. కొనేటప్పుడు గొట్టం బయటి కొలత తీసుకెళ్ళాలి, వదులైనది తడిలో ఊడి వస్తుంది.

సీటుకీ బేసినుకీ మధ్య ఎడం ఎక్కువ కావడంతో చుట్టూ చిందింది. పది లీటర్ల పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసేసి, అంచు గరుకు కాగితంతో రుద్ది, సీటు కింది రింగుకి రాగి తీగతో వేలాడదీశాం. కింది అంచు బేసినుకి 5 సెం.మీ. పైన ఆగాలి. ఇంకా కిందికి దిగితే కడగడానికి చీపురు దూరదు.

మూడోది పట్టుకునే కడ్డీ. స్టీలు గొట్టం 32 మి.మీ. లావు, గోడకి 40 మి.మీ. ఎడం, సీటు మీంచి 25 సెం.మీ. ఎత్తున కుడివైపు అడ్డంగా. ప్లంబరు రాల్ ప్లగ్గులు, అంటే స్క్రూ పట్టుకోవడానికి గోడ రంధ్రంలో దూర్చే ముక్కలు, కొట్టి స్క్రూలు బిగించి వెళ్ళాడు. మాలో ఒకరు బరువంతా వేసి వేలాడితే రెండో లాగుకే ఒక పక్క ఊడొచ్చింది. ప్లగ్గు ఇటుకలోకి దిగలేదు, పైనున్న సున్నపు ప్లాస్టరులోనే ఆగిపోయింది. నాలుగున్నర అంగుళాల పాత గోడకి ఈసారి ఆరపార రంధ్రాలు వేసి, 10 మి.మీ. మరబోల్టులు దూర్చి, బయటివైపు 10 సెం.మీ. చదరం ఇనప పలకలు పెట్టి నట్లు బిగించాం. ఇప్పుడు ఇద్దరు వేలాడినా కదల్లేదు. ఎవరింట్లో కడ్డీ పెట్టినా ముందు బలమైన మనిషి లాగి చూడాలి. ఆధారం ఉందనుకుని బరువు వేసినప్పుడు అది ఊడితే, లేని దానికంటే ఘోరం.

స్నానాల గదిలో పీట తీసేసి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేశాం. బకెట్టు కింద ఉంటే వంగాల్సి వస్తుంది, అందుకని దాన్ని సిమెంటు దిమ్మ మీదికి ఎక్కించాం.

రోజు 8: కసరత్తు మొదలు

వారానికి మూడు రోజులు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 అంకెలు లెక్కపెట్టడం, పదిసార్లు. పడుకుని మోకాలు వంచకుండా కాలు అడుగు ఎత్తు లేపి దింపడం, ఎనిమిదిసార్లు. మంచం అంచు నుంచి చేతులు ఆనించకుండా లేచి మెల్లగా కూర్చోవడం, అయిదుసార్లు. గట్టు పట్టుకుని మడమలు లేపడం, పదిసార్లు.

మెల్లగా కూర్చోవడమే ఇందులో అసలు పని. దభీమని కూలబడితే తొడ కండ ఏమీ చెయ్యనట్టే.

కసరత్తులో నొప్పి వస్తే ఆపాలా అన్నది అందరూ అడిగేదే. పదికి 5 వరకు వచ్చినా ఫరవాలేదు, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే సంఖ్య సగం చెయ్యాలి, అంతేగాని మానకూడదు. ఫలితం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పాం. చెప్పకపోతే రెండో వారంలో మానేస్తారు.

రోజు 10 నుంచి 14: వంటిల్లు

గట్టు 89 సెం.మీ. ఉంది. నిలబడి తరగడానికి, కలపడానికి మోచేతికి 10 సెం.మీ. కిందికి ఉండాలి, ఆవిడకైతే 85. గట్టు తేడా భరించదగ్గదే. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె పెడితే మాత్రం గరిట తిప్పడానికి భుజం పైకి లాక్కోవాలి. స్టవ్వుని గట్టు మీంచి దించి ఇనప బల్ల మీద పెట్టాం. ఇంకా దింపాలని ఉన్నా 72 సెం.మీ. దగ్గరే ఆపాం. స్టవ్వు ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తులోనే ఉండాలి, గొట్టం సాగదీయకూడదు, మెలిపడకూడదు.

కత్తిపీట దగ్గర గట్టిగా ఎదురుదెబ్బ తగిలింది. చాకు, చెక్క ఇచ్చాం. రెండు రోజులు వాడి మూడో రోజు ఆవిడ మళ్ళీ కింద కూర్చున్నారు. నలభై ఏళ్ళ చేతివాటం, గోంగూర కట్ట చాకుతో తరగడం ఆవిడకి నరకం. చెప్పి ఒప్పించడం కంటే కత్తిపీటనే పైకి తేవడం సులువు. 45 సెం.మీ. ఎత్తు టీపాయి మీద కత్తిపీట పెట్టి, కాలితో తొక్కిపట్టే చోట మర తిప్పి బిగించే ఇనప పట్లు, సి-క్లాంపులు, రెండు బిగించాం. ఆవిడ 46 సెం.మీ. కుర్చీలో కూర్చుంటే కత్తి అంచు సరిగ్గా మోచేతి ఎత్తుకి వచ్చింది. టీపాయి కాళ్ళ కింద రబ్బరు, పని అవగానే కత్తికి చీల్చిన పైపు ముక్క తొడుగు. క్లాంపులు వాడిన కొద్దీ వదులవుతాయి, రోజూ పొద్దున ఒకసారి తిప్పి చూడాలి.

ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను అంటే ఇరవై కిలోలు. తెచ్చే కుర్రాడినే స్టాండు మీద పెట్టి వెళ్ళమన్నాం, కుళాయి బిగించాం. పాతిక కిలోల బియ్యం బస్తా నుంచి అయిదు కిలోల డబ్బాలోకి వారానికోసారి ఇంట్లో ఇంకొకరు పోస్తారు. రోజూ వాడే గిన్నెలన్నీ నడుముకీ భుజానికీ మధ్య అరల్లోకి వచ్చాయి.

పద్నాలుగో రోజు గీతలు 19. సగానికి సగం తగ్గాయి. సాయంత్రం నొప్పి మాత్రం అదే 7.

రోజు 15 నుంచి 21: నిలబడే నిమిషాలు

అంకె ఎందుకు కదల్లేదో తెలుసుకోవడానికి ఒక పూటంతా పక్కన కూర్చుని చూడాల్సి వచ్చింది. కింద కూర్చుని చేసే పనులు తీసేశాం, అవన్నీ నిలబడి చేసేవి అయ్యాయి. తరగడం తప్ప పొద్దున పనంతా ఒకే నిలువు మీద జరుగుతోంది. ఇది మా లోపం. ఎత్తులు సరిచేశాం, సమయం సంగతి మరిచాం.

మూడు రోజులు గడియారం పెట్టాం. నిలబడ్డాక నొప్పి రెండంకెలు పెరిగే వరకు పట్టిన సమయం 25, 40, 18 నిమిషాలు. సగటు దాదాపు 28. అందులో 80 శాతం తీసుకుంటే 22. ఇక నుంచి ఫోనులో 20 నిమిషాలకి అలారం. నొప్పి ఉన్నా లేకున్నా మోగగానే అయిదు నిమిషాలు కూర్చోవాలి.

'లేకున్నా' అన్న మాట ఒప్పించడానికే వారం పట్టింది. నొప్పి లేని రోజున పనంతా చేసేసి, తర్వాత రెండు రోజులు మంచం పట్టడం, తగ్గగానే మళ్ళీ అంతే. దీర్ఘకాలిక నొప్పిలో మనిషిని కుంగదీసేది ఈ ఎగుడుదిగుడే. కూర్చోవాల్సింది నొప్పి చెప్పినప్పుడు కాదు, గడియారం చెప్పినప్పుడు. వారం నిలకడగా సాగితే ఒకటి రెండు నిమిషాలు పెంచొచ్చు.

గట్టు దగ్గరికి ఎత్తు స్టూలు కూడా వచ్చింది, 62 సెం.మీ. దాని మీద పూర్తిగా కూర్చోరు, ఆనుకుని సగం నిలబడతారు. నున్నటి చెక్క మీద నూలు చీర జారుతోంది, అందుకని పైన రబ్బరు చాప ముక్క కొట్టాం. అంట్ల పళ్ళెం బయట గచ్చు మీంచి సింకులోకి మారింది.

మాత్రల సంచి కూడా ఈ వారమే కింద పోసి చూశాం. రెండు వేర్వేరు దుకాణాల నుంచి తెచ్చిన రెండు పేర్ల బిళ్ళలు, రెంటిలోనూ పారాసెటమాల్ ఉంది, ఒకదాంట్లో దానికి తోడు ఎసిక్లోఫినాక్ అనే ఇంకో నొప్పి మందు. పేరు కాదు, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి. బీపీ మందు వాడేవాళ్ళు ఎసిక్లోఫినాక్, డైక్లోఫినాక్ లాంటివి రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, కడుపులో పుండ్లు, బీపీ పెరగడం సరేసరి. సంచిలో పేరు లేని నల్లగుళికల పొట్లం కూడా దొరికింది. తినగానే మంత్రం వేసినట్టు నొప్పి పోయే అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపి ఉండొచ్చు. నెలల తరబడి తిన్నవాళ్ళు ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. సంచి మొత్తం డాక్టరు ముందు పెట్టించాం.

రోజు 16 నుంచి 30: ముగ్గు, చీపురు

ధనుర్మాసం వచ్చింది. ముగ్గు మానమని ఆవిడకి చెప్పడం కుదరదు, చెప్పాలని మాకూ లేదు.

ముప్పావు అంగుళం పీవీసీ పైపు 80 సెం.మీ., కింద మూత, మూతకి రంధ్రం, పైన గరాటు. బియ్యప్పిండి మంచుకి తడిసి మూడో చుక్కకే బిగుసుకుంది. ముగ్గురాయి పిండి జల్లించి ఎండబెట్టి పోస్తే జారింది. రంధ్రం 3 మి.మీ. అయితే ఆగి ఆగి పడుతోంది, 5 అయితే ధార. చుక్క పెట్టాలంటే మొన నేలకి ఆనించి కొంచెం లేపి మళ్ళీ ఆనించాలి. మొన నేలకి తాకి ఉన్నంతసేపూ పిండి ఆగుతుంది. చుక్కలు, గీతలు బాగా వచ్చాయి. మెలికలు లావుగా వచ్చి ఆవిడకి నచ్చలేదు. చివరికి చుక్కలు నిలబడి పైపుతో, మెలికలు అరుగు అంచున కూర్చుని చేతితో, అందేంత మేర. గీతలు 4 నుంచి 2.

చీపురికి ఒక అంగుళం పైపు పిడి. పైపు చివర 12 సెం.మీ. మేర రెండు చీలికలు కోసి, చీపురు మొదలు దూర్చి, గొట్టాలకి వేసే స్క్రూ క్లిప్పు బిగించాం. మొదట 75 సెం.మీ. కోస్తే ఇంకా నడుము వంగుతూనే ఉంది. పిడి, చీపురు కలిపి చంక కిందకి వచ్చేంత ఉంటేనే నిటారుగా ఊడ్వగలరు.

గడప దగ్గర 20 సెం.మీ. మెట్టుకి సగం మెట్టు కట్టించాం, 10 ఎత్తు, 35 లోతు, గడపంత వెడల్పు. అరవై సెం.మీ. కంటే ఇరుకైన సగం మెట్టు కాలు తప్పించి పడేస్తుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర 73 సెం.మీ.కి కోయించాం, మణికట్టు గీత కొలత అది. కుడి మోకాలికి కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానితో బరువు దించుకోలేరు.

రోజు 42 నుంచి 47: అరిసెలు

అనుకున్నట్టే పండగ పనులు దెబ్బ కొట్టాయి. అరిసెల పాకం మధ్యలో ఆపేది కాదు, అలారం మోగితే ఎవరు కూర్చుంటారు? మూడు గంటలు నిలబడ్డారు. మర్నాడు పొద్దున నొప్పి 8, కుడి మోకాలు కాస్త ఉబ్బింది, ఎరుపు లేదు, జ్వరం లేదు.

ఇలాంటి రోజుల కోసం గోడకి ముందే ఒక కాగితం అంటించి ఉంది. ఉబ్బు ఉన్నంతవరకు గుడ్డలో చుట్టిన ఐసు 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ఉబ్బు తగ్గి బిగుసుకున్నట్టుంటే ఉప్పు మూట కాపడం 15 నిమిషాలు, ముందు మన ముంజేతి మీద ఆనించి చూసుకుని. నొప్పికి జెల్ రాసిన చోట కాపడం పెట్టకూడదు. షుగరుతో కాళ్ళు తిమ్మిరిగా ఉన్నవాళ్ళకి కాపడం వద్దు, కాలినా తెలియదు. కసరత్తు సగం, కానీ సున్నా కాదు. గంటకోసారి గదిలో నాలుగడుగులు. నాలుగో రోజుకి 5కి దిగింది.

వచ్చే ఏటికి అరిసెల పని ఎలా పంచాలో అప్పుడే రాసిపెట్టాం. బియ్యం నానబెట్టడం, పిండి పట్టించడం, పాకం పట్టి చలిమిడి చెయ్యడం ఒకరోజు, ఒత్తి వేయించడం మర్నాడు. ఒత్తేవాళ్ళు కుర్చీలో, నూనె మూకుడు దగ్గర ఇంకొకరు. పాకం దగ్గర మాత్రం ఆవిడే, ఎత్తు స్టూలు మీద. ముదురు పాకమో లేతో వేరెవరూ చెప్పలేరు.

రోజు 70

గీతలు 6. ముగ్గు 2, బట్టలు 1, మిగతావి 3. ఆగకుండా నిలబడగలిగేది 32 నిమిషాలు. మంచం అంచు నుంచి లేవడం అయిదు నుంచి పన్నెండుసార్లకి పెరిగింది, కాలికి అర కిలో ఇసుక సంచి కట్టి లేపుతున్నారు. నొప్పి పొద్దున 4, సాయంత్రం 4 లేదా 5. బరువు రెండు కిలోలు తగ్గింది. ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది కాబట్టి ఆ రెండు తక్కువేం కావు. రాత్రి భోజనం తర్వాత ఆవిడ మళ్ళీ గ్లాసుడు నీళ్ళు తాగుతున్నారు.

కుదరనిది ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు. ఇంట్లో 10, 15, 20 సెం.మీ. ఎత్తుల మీద ఎక్కి దిగడం సాధన చేయిస్తున్నాం, ఆ మెట్టు ఇంకా ఎత్తు. ప్రస్తుతం రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని ఎడమ కాలితో ఎక్కుతున్నారు, చేతిసంచి ఇంకొకరు అందిస్తున్నారు. వచ్చే నెల 25 సెం.మీ. దిమ్మ చేయించాలి. దొడ్డి స్టూలు వెల్డింగు దగ్గర తుప్పు కనబడింది, అది ఈ వారమే గీకి రెడ్ ఆక్సైడు పూయాలి.